గుడ్డ చుట్టిన ఇత్తడి రేకు

శీతాకాలం మొదట్లో ఒక ఆదివారం, గురుగ్రామ్‌లోని మా ఫ్లాటుకి ఒక అబ్బాయి వచ్చాడు. కరీంనగర్ వైపువాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెలవు రోజులన్నీ పాత కార్ల కింద వెల్లకిలా పడుకుని గడిపే రకం. అలాంటి మగవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి ఒకాయన ఇంట్లోనే పెరిగినదాన్ని, నాకు తెలియదా? కానీ ఫోన్లో "ఆంటీ, మీ నాన్నగారి బండి ఇప్పుడు నా తాన ఉన్నది" అన్నాడు. ఆ మాట విన్నాక రావద్దని ఎలా అంటాను?

మా ఆయన టీ ఇచ్చి పేపరు పట్టుకుని పక్కన కూర్చున్నారు. ఆ అబ్బాయి టీ ముట్టుకోలేదు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి అరచెయ్యంత ఇత్తడి రేకు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"దీని మీద ఏమన్న రాసి ఉండెనా ఆంటీ? ఏలితోని తడిమినా ఏం తెలుస్తలేదు. గింత నున్నగ ఎట్లయింది?"

చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు. అయినా నా ముక్కుకి చింతపండు వాసనే కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరాయి పిల్లాడి ముందు ఇదేమిటని నామీద నాకే కోపం వచ్చింది.

అప్పుడు మేం ఘాజియాబాద్‌లో ఒక సందులో కింది వాటాలో ఉండేవాళ్ళం. పైన ఇంటివాళ్ళు, పంజాబీలు. నాన్న ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో ఉద్యోగి. పగలంతా ఫైళ్ళు, సాయంత్రమైతే ఆ బండి. బండి అంటే వచ్చినప్పుడు బండి కాదు. ఎక్కడో ఒక పాత దివాణం కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటుంటే తెచ్చాడు. సీట్లు లేవు, దీపాలు లేవు, టాపు లేదు. టెంపోలోంచి దింపుతుంటే ఇంకా ఈకలు ఎగురుతున్నాయి. అమ్మ గుమ్మంలో నిలబడి, "సవతిని తెచ్చినా ఇంతకంటే శుభ్రంగా ఉండేది" అంది.

మొదటి శీతాకాలమంతా నాన్న దాని కింది ఇనుప చట్రం, అదే ఛాసిస్, దాని మీదే పడ్డాడు. అంతా తుప్పు. గీకుతుంటే ఎర్రటి పొడి రాలి మా పెసరపప్పు మీద కూడా పడేది. గీకినచోటల్లా గుంటలు. ఎడమ పక్కనైతే మశూచి పోసిన మొహంలా ఉండేది. నాన్న పుట్టీ కలిపి ఆ గుంటల్లో మెత్తి, ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ మెత్తేవాడు. అవిశె నూనె, థిన్నర్ కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఆకలేస్తుంది. ఆ వాసన మధ్యనే కూర్చుని పల్లీలు ఒలుచుకు తినేదాన్ని మరి. చివరికి నల్లరంగు వేసి నన్ను పిలిచాడు.

"చెయ్యి పెట్టి చూడు. పెళ్ళికూతురు బుగ్గలా లేదూ?"

తన అరచేత్తో మెల్లగా నిమిరాడు. నా బుగ్గ ఆయన ఎప్పుడూ అలా నిమరలేదు. అమ్మ బుగ్గ సంగతి నాకు తెలియదు.

ఆదివారాలు తుక్కు బజారుకి వెళ్ళేవాళ్ళం. నన్ను తీసుకెళ్ళేది ప్రేమతో కాదు, ఆడపిల్ల పక్కనుంటే వాళ్ళు కాస్త మర్యాదగా మాట్లాడతారని. నాకు మాత్రం పండగే. కాలిన ఇంజనాయిలు వాసన, రోడ్డు పక్క ఛోలే కుల్చే, నిప్పుల మీద కాల్చి నిమ్మకాయ పిండిన చిలగడదుంప. కొండల్లా పోసిన ఇనుములో నాన్న ఒక్క కార్బురేటర్ కోసం వెతికేవాడు. ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించేది అదే. మా బండికి సరిపోయేది ఉత్తర హిందూస్థానంలో ఇంకెక్కడా లేదని నాన్న నమ్మకం. అది ఒక లావుపాటి తుక్కు వ్యాపారి దగ్గర ఉంది. నాన్న కళ్ళలో ఆశ చూశాడు వాడు. ఇక వదులుతాడా?

"చీజ్ తో హై బాబూజీ, పర్ దేనే కా దిల్ నహీ కర్తా" అనేవాడు. వస్తువైతే ఉందట, ఇవ్వడానికే మనసొప్పడం లేదట. వారం వారం అదే మాట. ఆఫీసులో ప్యూన్లని గంటలకొద్దీ నిలబెట్టే మా నాన్న వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఇంటికొచ్చి ఆ కసి మా మీద తీర్చుకునేవాడు. నా లెక్కల మార్కులు, అమ్మ చారులో ఉప్పు, ఏది దొరికితే అది.

ఒక రోజు ఆ వ్యాపారికి విసుగు పుట్టిందో, సరదా పుట్టిందో. "మద్రాసీ బాబూ, ఏక్ గానా సునా దో. లే జావో" అన్నాడు. ఒక పాట వినిపిస్తే తీసుకుపోవచ్చట. చుట్టూ అందరూ పని ఆపి మూగారు. నాన్న మొహం ఎర్రబడింది. వెళ్ళిపోదాం పద అంటాడనుకున్నాను. గొంతు సవరించుకున్నాడు. ఆ ఇనుప కొండల మధ్య, మెడలో టైతోనే నిలబడి, చిన్నప్పుడు వాళ్ళమ్మ తనకి పాడిన జోలపాట మొదటినుంచి చివరిదాకా పాడాడు. గొంతు బాగుండేది కూడా. జనం ఈలలు వేశారు. ఒకడు రేకు డబ్బా మీద దరువేశాడు. నాన్న కార్బురేటర్ని రుమాల్లో చుట్టి, బిడ్డలా గుండెకి హత్తుకుని, దారి పొడుగునా దాన్ని వదల్లేదు. "మీ నాయనమ్మకి చెప్పకు" అని గుమ్మం దగ్గర అన్నాడు.

నాయనమ్మ అప్పటికే మా దగ్గరికి వచ్చేసింది. తాతగారు పోయాక గోదావరి వైపునుంచి ఒక ట్రంకుపెట్టెతో దిగింది. అందులో చీరలకంటే చింతపండు ముద్దలూ, గిన్నెలు తోమడానికి కొబ్బరిపీచూ ఎక్కువ. హిందీలో ఒక్క మాటే నేర్చుకుంది, "అచ్ఛా". కూరలవాడికీ అచ్ఛా, పాలవాడికీ అచ్ఛా. పై ఇంటి ఆంటీ సర్సోం కా సాగ్ తెచ్చిస్తే అచ్ఛా అని తీసుకుని, ఆవిడ మెట్లెక్కగానే "తోటకూర ఉడకబెట్టి ఉప్పెయ్యడం మర్చిపోయింది పాపం" అనేది. ఇద్దరూ మధ్యాహ్నం ఎండలో కూర్చుని, ఈవిడ తెలుగులో ఆవిడ పంజాబీలో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. నేనేమో కోపమొస్తే హిందీలోనే తిరిగి చెప్పేదాన్ని. "ఏం కూస్తోందే ఇది?" అని నాయనమ్మ నవ్వేది.

బండికి రబ్బరు బుడగ హారన్ ఒకటి ఉండేది. పైనున్న ఇంటాయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆ కిటికీ కిందికెళ్ళి నొక్కి పారిపోయేదాన్ని. ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చి అరిస్తే నాయనమ్మే అడ్డం వచ్చి "అచ్ఛా, అచ్ఛా" అని పంపించేసేది. ఆ ఇంట్లో నా వెనకాల నిలబడ్డ మనిషి ఆవిడొక్కతే.

ఆ బండికి ఎడమ తలుపు తీస్తే, కాలు పెట్టే అంచు మీద చిన్న ఇత్తడి రేకు ఉండేది. దాని మీద వరసలు వరసలుగా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, సన్నటి గీతల్లా. బండి పుట్టినప్పుడు ఫ్యాక్టరీవాళ్ళు వేసిన నంబరు అది. నాన్న దానికి గ్రీజు పూసి, పాత పంచెగుడ్డ మడతలు పెట్టి చుట్టాడు. "ఇదే దీని జాతకం. ఇది లేకపోతే ఈ బండి బండే కాదు. ఎవరూ ముట్టుకోకండి" అని అమ్మకీ నాకూ చెప్పాడు. నాయనమ్మకి చెప్పలేదు. పక్క గదిలోనే ఉంది, నాలుగడుగులు వేసి చెప్పొచ్చు. "పెద్దావిడకి ఇవన్నీ ఎందుకు" అన్నాడు.

బండి ఉండేది మా వాకిట్లో. ఎడమ పక్క గోడకీ బండికీ మధ్య సందు చాలా ఇరుకు. నాన్న పట్టడు, అమ్మ అసలే పట్టదు. బక్కపల్చటి నాయనమ్మ పట్టేది.

ఆవిడేం చూసింది? గడప దగ్గర ఇత్తడి రేకు, దాని నిండా అంకెలు, నూనె పట్టించి, గుడ్డ చుట్టి. మా వైపు పంతులుగారు యంత్రం వేయించి ఇస్తే గడపకి కొట్టుకుంటారు కదా, అచ్చం అలాంటిదే. కొడుకు బండికి రక్షణగా యంత్రం పెట్టుకున్నాడు, కానీ దానికి పూజా పునస్కారం లేదు, అందుకే ఇన్నాళ్ళైనా బండి కదలడం లేదు అనుకుంది. శుక్రవారం శుక్రవారం తలస్నానం చేసి, నాన్న ఆఫీసుకీ నేను బడికీ వెళ్ళాక, అమ్మ వంటింట్లో ఉండగా, టార్పాలిన్ ఎత్తి, ఆ సందులో దూరి, తలుపు ఓరగా తీసి, గుడ్డ విప్పి, చింతపండూ ఇటుకపొడీ వేసి కొబ్బరిపీచుతో తోమేది. పసుపు రాసి, బొట్టు పెట్టి, మళ్ళీ గుడ్డ అలాగే చుట్టేసేది. నాన్న అప్పుడప్పుడు కుడివైపునుంచి తొంగి చూసి, గుడ్డ ఉంది కదా అని ధీమాగా ఉండేవాడు. ఇదంతా ఆవిడే తర్వాత చెప్పింది, నాకు. వినేవాళ్ళు ఇంకెవరూ లేక.

ఢిల్లీలో శీతాకాలంలో పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. అందులో మన బండి కూడా నడవాలి, అదొక్కటే నాన్న కోరిక. అంతకు ముందు పరీక్షకులు ఇంటికి వచ్చి బండి అసలుదో కాదో చూసి వెళతారు. ఆ రోజు నాన్న కోటు వేసుకున్నాడు. అమ్మ పెసరట్లకి రుబ్బింది. నలుగురు పట్టి బండిని వీధిలోకి తోశారు. హ్యాండిల్ తిప్పగానే ఇంజను దగ్గి, ఉమ్మి, అందుకుంది. నాన్న కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూశాను. పరీక్షకుల్లో పెద్దాయన మిలిటరీలో చేసి రిటైరైనవాడు, చేతిలో సన్నటి బెత్తం. బండి చుట్టూ తిరిగి, "వాహ్" అని, "నంబర్ దిఖాయియే" అన్నాడు.

నాన్న ఎడమ తలుపు తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డ విప్పాడు.

రేకు ధగధగా మెరిసిపోతోంది. మధ్యలో పసుపు, కుంకుమ బొట్టు. ఒక్క అక్షరం లేదు.

"నంబర్ కహా హై?" అన్నాడు పెద్దాయన. నాన్న బొటనవేలితో బొట్టు తుడిచాడు. కింద కూడా ఏమీ లేదు. అందరూ తన రేకునే చూస్తున్నారని గుమ్మంలో ఉన్న నాయనమ్మకి అర్థమైంది. మొహం వెలిగిపోతూ ముందుకొచ్చింది.

"నేనేరా నాయనా తోమింది! వారం వారం తోమాను. నీ బండి ఇవాళ కదిలిందంటే ఊరికే కదిలిందనుకున్నావా?"

ఆవిడేమంటోందని పెద్దాయన అడిగాడు. ఎవరూ చెప్పలేదు. ఆయన జాలిపడి ఇంకో దారి చూపించాడు. కింద చట్రం మీద కూడా కొన్నిటికి నంబరు కొట్టి ఉంటుంది, చూశారా అని. నాన్న తలెత్తకుండానే ఇంగ్లీషులో జవాబిచ్చాడు. చట్రం నా చేతులతో నేనే బాగుచేశాను, అంగుళం అంగుళం నాకు తెలుసు, తుప్పు గుంటలు తప్ప దాని మీద ఏమీ లేవు. నంబరు నాకు నోటికి వచ్చు సార్, చెప్పమంటారా అని కూడా అడిగాడు. నోటికి వచ్చే నంబరు ఎవరిక్కావాలి? ఏ తుక్కు బజార్లోనైనా బండి తయారు చేసుకోవచ్చు ఈ రోజుల్లో, అన్నాడు పెద్దాయన. పెసరట్టు తిన్నాడు. అల్లం చట్నీ బాగుందన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

నాన్న అరుస్తాడనుకున్నాను. అరవలేదు. అరిచినా బాగుండేది. బండిని లోపలికి తోయించి, టార్పాలిన్ కప్పి, వచ్చి కూర్చుని నన్ను పిలిచాడు. నాయనమ్మ అక్కడే, ఆయనకి ఎదురుగా పీట మీద ఉంది.

"మీ నాయనమ్మకి చెప్పు. ఇకనుంచి నా వస్తువులేవీ ముట్టుకోవద్దని."

నేను నాయనమ్మ వైపు చూశాను. "విన్నాను లేవే" అందావిడ మెల్లగా.

అంతే. ఆ రోజుతో నాన్న ఆవిడతో మాట మానేశాడు. తిండికి లోటు చెయ్యలేదు, మందులకి లోటు చెయ్యలేదు, శాలువా కొన్నాడు. అన్నీ నా చేతుల మీదుగానే. "మీ నాయనమ్మ తిన్నదేమో అడుగు." "మీ నాయనమ్మకి చలిగా ఉన్నట్టుంది, లోపలికి తీసుకెళ్ళు." ఎంత మర్యాద!

ఇంకో ఆజ్ఞ కూడా నా నోటితోనే చెప్పించాడు. ఇంట్లోకి చింతపండు రాకూడదు. తెలుగువాళ్ళ ఇంట్లో చింతపండు లేకుండా! చారులో నిమ్మకాయ పిండారు, పులుసులో టమాటా వేశారు. ట్రంకుపెట్టెలోని ముద్దలన్నీ అమ్మ తీసి చెత్తకుండీలో పడేసింది. అమ్మకి ఆ రోజులు బాగానే గడిచాయి. "ఆయన మాట్లాడకపోతే ఏం అత్తయ్యగారూ, నేను మాట్లాడుతున్నాగా. ఆ కాళ్ళు కాస్త పక్కకి తీస్తే ఊడ్చుకుంటాను" అనేది. నాయనమ్మ కాళ్ళు తీసేది. అన్నం సగానికి సగం తగ్గించేసింది.

సాయంత్రాలు నాన్న బండి దగ్గర ఉంటే వెళ్ళి నిలబడేది. "ఒరే, నాలుగు తిట్టరా. పోనీ కొట్టరా. ఆ నోరు తెరవరా" అనేది. నాన్న నట్లు బిగించుకునేవాడు. ఒక రోజు నన్ను పక్కకి పిలిచి, "ఆ అంకెలేమిటో మీ నాన్ననడిగి కనుక్కోవే. మేకుతో నేనే చెక్కేస్తా మళ్ళీ" అంది. నేను వెళ్ళి నాన్నతో చెప్పాను. "దొంగ నంబరుతో నడిచే బండి నాకక్కర్లేదని చెప్పు" అన్నాడు. ఆ మాట నేను చెప్పలేదు. నాన్నకి గుర్తులేదట అన్నాను. నమ్మలేదావిడ. "వాడికి చిన్నప్పటినుంచీ ఏదీ మర్చిపోవడం రాదు" అంది.

ఉగాది వచ్చింది. నిమ్మరసం పోసిన ఉగాది పచ్చడి గిన్నె నాయనమ్మే పట్టుకెళ్ళి నాన్న ముందు చెయ్యి చాపింది. ఆయన నావైపు చూశాడు. నేను గిన్నె ఆవిడ చేతిలోంచి తీసుకుని ఆయన చేతికివ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎండలు ముదిరాయి, వడగాలి మొదలైంది. ఆవిడ మంచం దిగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఊపిరి భారంగా తీస్తుంటే పై ఇంటి ఆంటీ పరుగున వచ్చి నోట్లో నీళ్ళు పోసింది. "పుత్తర్, పాపా కో బులా" అంది నాతో. నేను బండి దగ్గరికి పరుగెత్తాను. నాన్న మోచేతులదాకా గ్రీజు.

"నాన్నా, నాయనమ్మ! ఒక్కసారి అమ్మా అని పిలువు నాన్నా, రా!"

"వస్తున్నానని చెప్పు. చేతులు కడుక్కుని వస్తాను" అన్నాడు.

నేను వెనక్కి వచ్చి ఆవిడ చెవిలో చెప్పాను. "నాన్న వస్తున్నాడు నాయనమ్మా. చేతులు కడుక్కుంటున్నాడు." పెదాలు కదిలాయి. "అచ్ఛా" అన్నట్టనిపించింది. బయట నాన్న కిరసనాయిలుతో చేతులు రుద్దుకోవడం, తర్వాత సబ్బు, తర్వాత గోళ్ళు, అన్నీ వినబడుతున్నాయి. ఎప్పుడూ ఎలా కడుక్కుంటాడో అలాగే. తువ్వాలుతో తుడుచుకుంటూ ఆయన గదిలోకి వచ్చేసరికి ఆంటీ ఆవిడ కళ్ళు మూసేస్తోంది.

కర్మలన్నీ పద్ధతిగా చేశాడు. గుండు చేయించుకున్నాడు. పురోహితుడు చెప్పించినట్టల్లా ఆవిడ పేరూ గోత్రమూ చెప్పి, పిండం ముందు ఆవిడని రమ్మని పిలిచాడు. పక్కన కూర్చుని విన్నాను. ఇన్ని నెలల్లో ఆవిడని నా ద్వారా కాకుండా పిలవడం అదే మొదలు.

బండి ఊరేగింపుకి వెళ్ళనే లేదు. నేను కాలేజీలో ఉండగా ఎవరికో ఇచ్చేశాడు. అమ్మ పోయాక నాన్న చివరి రోజులు ఈ గురుగ్రామ్ ఫ్లాటులో మా దగ్గరే గడిచాయి. ముసలితనంలో మెత్తబడ్డాడు. "అమ్మా, కాస్త మంచినీళ్ళియ్యమ్మా" అనేవాడు నన్ను. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు గుండెల్లో చురుక్కుమనేది, ఇది ఎవరికి దక్కాల్సింది అని. అయినా చేశాను. నాన్న కదా. ఆయన పోయాక ఫొటోకి దండ వేసి, రోజూ పొద్దున్నే దీపం పెట్టి, కాసేపు మాట్లాడేదాన్ని. ఇవాళ మంచు పట్టింది నాన్నా, మెట్రో ఆలస్యం నాన్నా, అలాంటివి. పెద్ద నష్టం జరిగింది ఆయనకి, మనిషి దుఃఖంలో అలా అయిపోయాడు అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

ఇవన్నీ ఆ అబ్బాయికి చెప్పాను. చల్లారిన టీ తాగి, రేకు కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతులో పండగ.

"ఆంటీ! నంబర్ దొరికింది! ఛాసిస్ మీదనే కొట్టి ఉన్నది, ఎడమ దిక్కు. పాత పుట్టీ పొక్కులు లేస్తుంటే గీకిన. కిందికెల్లి అంకెలు ఒక్కొక్కటి బయటపడ్డయ్. ఎవడో మొద్దుగాడు తుప్పు గుంటలనుకొని నున్నగ మెత్తి పెట్టిండు ఆంటీ!"

"ఎవడో కాదు" అన్నాను. "మా నాన్న."

"సారీ ఆంటీ" అన్నాడు. ఫొటో పంపాడు. నల్లటి ఇనుములో అంకెలు, లోతుగా, స్పష్టంగా, సుత్తితో కొట్టినవి. ఏ చింతపండూ ఏమీ చెయ్యలేనివి. పెళ్ళికూతురు బుగ్గలా లేదూ అని నా చేత నిమిరించిన చోటే అది. నాయనమ్మ తోమేసింది రెండో నంబరు. మొదటిది అంతకు ముందే నాన్న పూడ్చేశాడు. ఇద్దరూ ఆ బండి మీద ప్రేమతోనే చేశారు. శిక్ష మాత్రం ఒక్కరికే పడింది.

ఈసారి ఊరేగింపులో ముందు సీట్లో కూర్చోమని ఆ అబ్బాయి పిలిచాడు. నేను రానన్నాను. ఆ ఇత్తడి రేకు మాత్రం ఇచ్చెయ్యమన్నాను. తెచ్చి ఇచ్చాడు. చింతపండుతో తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టి పూజ గూట్లో పెట్టాను. నాయనమ్మకి ఫొటో లేదు. ఎవరూ తియ్యలేదు.

నాన్న ఫొటో ముందు దీపం పెడుతున్నాను. దండ మారుస్తున్నాను. ఏ లోటూ చెయ్యడం లేదు. మాట్లాడడం మాత్రం మానేశాను. నిన్న పొద్దున మా ఆయన ఆ ఫొటో పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఒక్క విషయం చెప్పాల్సి ఉంది, అది మా ఆయన చేతే చెప్పించాను.

"మీ మామగారికి చెప్పండి, నంబరు దొరికిందని."